అజైడ్ మీద వెలుగు పడితే

కాంతి రసాయన చర్య అంటే ఏమిటని డిగ్రీ మొదటి సంవత్సరం పిల్లల్ని అడగండి. దాదాపు అందరి దగ్గరా ఒకే జవాబు వస్తుంది: "కాంతి శక్తినిస్తుంది మేడమ్, ఆ శక్తికి పదార్థం విడిపోతుంది." పదో తరగతిలో వాచ్‌గ్లాసులో కొంచెం సిల్వర్ బ్రోమైడ్ వేసి ఎండలో పెట్టే కృత్యం ఒకటి ఉంది. లేత పసుపు పొడి చూస్తుండగానే బూడిద రంగులోకి తిరుగుతుంది. ఆ జవాబు అక్కడ నేర్చుకున్నదే, అందులో తప్పేమీ లేదు. కానీ అక్కడితో ఆగిపోవడం వల్ల కాంతి కూడా ఒక రకం వేడే అన్న నమ్మకం పిల్లల్లో పాతుకుపోతోంది. పొయ్యి మీద పెడితే విడిపోయేది ఎండలో పెట్టినా విడిపోతుంది, అంతేగా అనుకుంటారు.

ఆ నమ్మకం సరి కాదు. వేడి, కాంతి చేసే పనులు వేరు. పదార్థంలో ఏ ఎలక్ట్రాన్ ఎక్కడి నుంచి ఎక్కడికి కదలాలో నిర్ణయించే అవకాశం కాంతితో మనకు దొరుకుతుంది, వేడితో దొరకదు. ఈ విషయం లోహ అజైడ్‌లు చూపించినంత తేటగా మరే పదార్థాలూ చూపించవని నా అభిప్రాయం. ఒకే రకమైన బంధం మీద వెలుగు పడితే ఒక చోట లోహం ఎలక్ట్రాన్‌ను పుచ్చుకుంటుంది, ఇంకో చోట అదే లోహం ఎలక్ట్రాన్‌లను వదులుకుంటుంది. ఇంత ఎదురెదురుగా నడిచే రెండు దారులు ఒకే గుమ్మంలోంచి మొదలవుతున్నప్పుడు "శక్తి ఇస్తే విడిపోతుంది" అనే వాక్యం దేన్నీ వివరించదు.

ముందు అజైడ్ గురించి కొంచెం. మూడు నైట్రోజన్ పరమాణువులు ఒకే సరళరేఖ మీద వరుసగా నిలబడి ఒక ఋణావేశం మోస్తే అది అజైడ్ అయాన్. మధ్య నైట్రోజన్‌కు అటూ ఇటూ దూరం సమానం, సుమారు 1.18 అంగ్‌స్ట్రామ్‌లు. 1864లో పీటర్ గ్రీస్ ఫినైల్ అజైడ్‌ను తయారు చేశారు. 1890లో థియోడర్ కుర్షియస్ హైడ్రజోయిక్ ఆమ్లాన్ని కనుక్కున్నారు, దాని వెనకే వెండి, సీసం లాంటి లోహాల అజైడ్‌లూ వచ్చాయి. ఈ మూడు నైట్రోజన్‌ల కథంతా రెండు అంకెల్లో ఉంది. గాలిలోని నైట్రోజన్ అణువులో ఉన్న త్రిబంధాన్ని తెంచాలంటే మోల్‌కు సుమారు 945 కిలోజౌళ్లు కావాలి. ఒకే ఒక బంధంతో కలిసున్న రెండు నైట్రోజన్‌లను విడదీయడానికి 160 దగ్గర సరిపోతాయి. అంటే నైట్రోజన్‌కు త్రిబంధంతో జతకట్టడం కంటే హాయైన స్థితి లేదు. అజైడ్‌లోని మూడింటిలో రెండు ఎప్పుడూ ఆ స్థితికి ఒక్క అడుగు దూరంలోనే ఉంటాయి. ఆ అడుగు వేయించేది ఎవరు, ఎలా వేయిస్తారు అన్నదే ప్రశ్న.

అజైడ్ అనగానే చాలామందికి భయం. భయానికి కారణాలూ ఉన్నాయి. లెడ్ అజైడ్ డిటొనేటర్లలో వాడే పదార్థం. సోడియం అజైడ్ తీవ్రమైన విషం, కణాల్లో శ్వాసక్రియకు కీలకమైన సైటోక్రోమ్ ఆక్సిడేజ్‌ను ఆపేస్తుంది. ల్యాబుల్లో బఫర్ ద్రావణాలు పాడవకుండా దాన్ని కొద్దికొద్దిగా కలుపుతారు, ఆ ద్రావణాలను సింకులో పారబోయకూడదని గట్టిగా చెబుతారు. రాగి, సీసం పైపుల లోపల ఆ లోహాల అజైడ్‌లు పేరుకుంటే తర్వాత ఎప్పుడో పైపు రిపేరుకు వచ్చిన ప్లంబర్ ప్రాణాల మీదికి రావచ్చు. ఈ జాగ్రత్తలో ఒక్క అక్షరం కూడా తగ్గించకూడదంటాను. అయితే అజైడ్ అంటే పేలుడు అని ముద్ర వేసి పక్కన పెట్టేయడం మాత్రం అన్యాయం. 1987లో అమెరికాలో అనుమతి పొందిన మొదటి హెచ్‌ఐవీ మందు జిడోవుడిన్ అణువులో ఒక అజైడ్ సమూహం ఉంది. లక్షలాది మంది దాన్ని రోజూ మాత్రగా మింగారు. 2022 నోబెల్ బహుమతి తెచ్చిన క్లిక్ కెమిస్ట్రీకి, అంటే అణువులను తేలిగ్గా, కచ్చితంగా జతచేసే పద్ధతికి, ఆయువుపట్టు కూడా అజైడే. అది దేనితో బంధం పెట్టుకుంది, ఎలా బంధం పెట్టుకుంది అన్నదాని మీదే దాని స్వభావమంతా ఆధారపడి ఉంటుంది.

ఇప్పుడు వెలుగు సంగతి. 365 నానోమీటర్ల అతినీలలోహిత కాంతిని తీసుకుంటే ఒక మోల్ ఫోటాన్‌ల (కాంతి పొట్లాల) శక్తి దాదాపు 328 కిలోజౌళ్లు. 450 నానోమీటర్ల నీలి కాంతికి 266. గది ఉష్ణోగ్రత దగ్గర వేడి వల్ల అణువులకు దొరికే శక్తి కొలమానం మోల్‌కు 2.5 కిలోజౌళ్లే. నూరు రెట్లకు మించిన తేడా ఇది. పరిమాణం కంటే ముఖ్యమైనది ఆ శక్తి చేరే తీరు. వేడి చేస్తే శక్తి కంపనాలుగా, కదలికలుగా ప్రతి అణువుకూ, ప్రతి బంధానికీ పంచబడుతుంది, ముందుగా బలహీనమైన బంధం తెగుతుంది. ఫోటాన్ అలా పంచుకోదు, మొత్తంగా ఒకే చోట, ఒకే క్షణంలో చేరుతుంది, అదీ తనకు సరిపోయే ఎలక్ట్రాన్ మెట్టు ఉంటేనే. వేడి చింతచెట్టును పట్టి ఊపడం లాంటిదైతే, కాంతి కావలసిన కాయను దోటీతో అందుకోవడం లాంటిది.

లోహానికి అజైడ్ అంటుకుని ఉన్నప్పుడు ఆ కాయ చాలాసార్లు అజైడ్ మీద ఉన్న ఒక ఎలక్ట్రాన్. ఫోటాన్ దాన్ని అజైడ్ నుంచి లోహం వైపు తోస్తుంది. లోహానికి అంటుకుని ఉండే అయాన్‌ను గానీ అణువును గానీ లైగాండ్ అంటారు, కాబట్టి దీన్ని లైగాండ్ నుంచి లోహానికి ఆవేశ బదిలీ అని పుస్తకాల్లో రాస్తాం. చాలా లోహ అజైడ్‌ల ముదురు రంగులకు కారణమూ ఈ బదిలీయే. ఎలక్ట్రాన్ కదిలిన మరుక్షణం అజైడ్ పూర్వపు అజైడ్ కాదు, లోహం పూర్వపు లోహమూ కాదు. ఆ తర్వాత ఏమవుతుందన్నది చుట్టుపక్కల పరిస్థితులు తేలుస్తాయి.

ఘనపదార్థాలతో మొదలుపెడతాను. సిల్వర్ అజైడ్ సిల్వర్ బ్రోమైడ్‌కు దగ్గరి చుట్టం, వెలుగులో పెడితే ఇదీ నల్లబడుతుంది. స్ఫటికంలో ఎలక్ట్రాన్‌లతో నిండి ఉన్న శక్తి పట్టీలో పెద్ద వాటా అజైడ్‌లదే. ఫోటాన్ పడితే అక్కడి నుంచి ఒక ఎలక్ట్రాన్ పైనున్న ఖాళీ పట్టీలోకి లేస్తుంది. దాన్ని పోగొట్టుకున్న అజైడ్ ఆవేశం లేని, జత లేని ఎలక్ట్రాన్ ఉన్న అజైడ్ రాడికల్ అవుతుంది. లేచిన ఎలక్ట్రాన్ తిరిగి తిరిగి స్ఫటికంలో ఏదో ఒక లోపం దగ్గర చిక్కుకుంటుంది, అక్కడికి జరిగి వచ్చిన వెండి అయాన్‌ను వెండి పరమాణువుగా మారుస్తుంది. అదే చోట మళ్లీ మళ్లీ ఇలా జరిగితే చిన్న వెండి ముద్ద తయారవుతుంది. ఫొటో ఫిల్మ్ మీద కంటికి కనిపించని తొలి బొమ్మ ఎలా ఏర్పడుతుందో రొనాల్డ్ గర్నీ, నెవిల్ మాట్ 1938లో ఈ బాటలోనే వివరించారు. మరుసటి ఏడాది మాట్ అదే ఆలోచనను లోహ అజైడ్‌ల విచ్ఛిత్తికి వర్తింపజేశారు.

ఇంతవరకు బ్రోమైడ్‌కూ అజైడ్‌కూ పోలిక. తేడా రెండో పక్కన ఉంది. బ్రోమైడ్ ఎలక్ట్రాన్ పోగొట్టుకుంటే బ్రోమిన్ వస్తుంది. అది పక్కనే ఉండి అవకాశం దొరికితే వెండితో మళ్లీ కలిసిపోగలదు, ఫిల్మ్‌లో జెలటిన్ దాన్ని పట్టేసుకోవాలి. అజైడ్ రాడికల్‌లు రెండు ఎదురుపడితే మూడు నైట్రోజన్ అణువులు పుడతాయి, మోల్‌కు 800 కిలోజౌళ్లకు పైగా శక్తి విడుదలవుతుంది. ఆ నైట్రోజన్ వెనక్కి వచ్చి వెండితో కలిసి మళ్లీ అజైడ్ అవడమన్న మాటే లేదు. ఫోటాన్ పెట్టిన పెట్టుబడితో పాటు స్ఫటికం సొంత ఖాతాలోంచి కూడా చాలా శక్తి బయటికొస్తుంది. అందుకే ఒకే పదార్థం రెండు రకాలుగా ప్రవర్తిస్తుంది. వెలుగు మెల్లగా, నిలకడగా పడితే పైపొర నల్లబడి ఊరుకుంటుంది. లెడ్ అజైడ్‌కు కూడా వెలుగులో పైన బూడిద రంగు పొర పడుతుంది, ఆ పొరే లోపలి భాగానికి వెలుగు తగలకుండా కాపలా కాస్తుంది. అదే వెలుగు లిప్తకాలంలో బలమైన మెరుపుగా పడితే పేలుతుంది.

ఆ పేలుడు ఎలా మొదలవుతుందన్న దాని మీద పెద్ద చర్చే నడిచింది. కేంబ్రిడ్జిలో ఫిలిప్ బౌడెన్, అబ్రహాం యోఫ్ బృందం మైక్రాన్ స్థాయి వేడి బిందువులతో పేలుడు మొదలవుతుందని చూపించింది. సైబీరియాలోని కెమెరోవో శాస్త్రవేత్తలు సిల్వర్ అజైడ్ మీద లేజర్ పల్స్‌లతో చేసిన ప్రయోగాల ఆధారంగా ఎలక్ట్రాన్‌లు, వాటి ఖాళీలు గొలుసుకట్టుగా పెరిగే మార్గాన్ని ముందుకు తెచ్చారు. రాపిడితో, దెబ్బతో మొదలయ్యే వాటికి వేడి బిందువుల వివరణ చక్కగా సరిపోతుంది. వెలుగుతో మొదలయ్యే వాటిలో తొలి అడుగు మాత్రం కచ్చితంగా ఎలక్ట్రాన్‌దే. వేడి దాని వెనక వస్తుంది, దాని పిల్లగా వస్తుంది. ఈ వరుసను తారుమారు చేసి చెప్పడమే నాకు నచ్చనిది.

నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నవి ఘన స్ఫటికాలు కావు. ఒకే ఒక్క లోహ పరమాణువు, దాని చుట్టూ కొన్ని లైగాండ్‌లు, వాటిలో ఒకటి అజైడ్. ఇలాంటి సంశ్లిష్టాలను నీళ్లలో కరిగించి వెలుగు చూపించవచ్చు, స్ఫటికాల్లోని గందరగోళం ఉండదు. ఆవర్తన పట్టికలో ఒకే నిలువు వరుసలో ఉన్న మూడు లోహాలను తీసుకుందాం: కోబాల్ట్, రోడియం, ఇరిడియం. మూడూ ప్లస్ మూడు ఆక్సీకరణ స్థితిలో, అంటే లెక్క ప్రకారం మూడేసి ఎలక్ట్రాన్‌లు పోగొట్టుకున్న స్థితిలో ఉన్నాయి. మూడింటి చుట్టూ ఐదేసి అమ్మోనియాలు, ఒక్కో అజైడ్. కాగితం మీద గీస్తే మూడు బొమ్మలకూ తేడా మధ్యలో రాసిన లోహం గుర్తొక్కటే.

కోబాల్ట్ సంశ్లిష్టం మీద అతినీలలోహిత కాంతి పడితే అజైడ్ నుంచి వచ్చిన ఎలక్ట్రాన్‌ను కోబాల్ట్ తన దగ్గరే ఉంచేసుకుంటుంది. ప్లస్ మూడు నుంచి ప్లస్ రెండుకు దిగుతుంది. అజైడ్ రాడికల్‌గా వెళ్లిపోతుంది. ప్లస్ రెండు స్థితిలో కోబాల్ట్ తన లైగాండ్‌లను గట్టిగా పట్టుకోలేదు కాబట్టి ఆమ్ల ద్రావణంలో అమ్మోనియాలు కూడా ఒక్కొక్కటే జారిపోతాయి. క్షయకరణం అన్నమాట.

ఇరిడియం దగ్గర కథ తిరగబడుతుంది. నార్త్‌వెస్టర్న్ యూనివర్సిటీలో ఫ్రెడ్ బసోలో బృందం 1970ల మొదట్లో దీన్ని గమనించింది. ఇక్కడ లోహం నుంచి అజైడ్ ఊడిపోదు. అజైడ్‌లోని చివరి రెండు నైట్రోజన్‌లు జంటగా వాయువై వెళ్లిపోతాయి, మిగిలిన ఒక్క నైట్రోజన్ ఇరిడియానికి అంటుకునే ఉంటుంది. దీన్ని నైట్రీన్ అంటారు. ఎలక్ట్రాన్‌ల కొరతతో ఉండే ఈ నైట్రోజన్ దొరికినదానితో కలిసిపోతుంది. హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో ఈ ప్రయోగం చేస్తే లోహానికి అంటుకున్న క్లోరమీన్ (క్లోరిన్ చేరిన అమ్మోనియా) దొరుకుతుంది. నైట్రీన్ క్లోరైడ్‌ను పట్టుకుందనడానికి అదే సాక్ష్యం. మధ్యలో ఉన్న రోడియం మధ్యస్థంగానే ప్రవర్తిస్తుంది, రెండు దారుల్లోనూ కొంత కొంత నడుస్తుంది.

ఎందుకిలా? కోబాల్ట్‌కు ప్లస్ రెండు స్థితి సుఖమైనది, అందుకే ఎలక్ట్రాన్‌ను ఉంచుకోవడం తేలిక. ఇరిడియానికి ప్లస్ రెండు స్థితి అసలు గిట్టదు, పై ఆక్సీకరణ స్థితులు మాత్రం దానికి అందుబాటులో ఉంటాయి. అందుకని ఎలక్ట్రాన్ అక్కడ నిలవదు, శక్తి అజైడ్ లోపలి బంధం మీదికి మళ్లుతుంది. లోహానికి, నైట్రోజన్‌కు మధ్య ఉన్న బంధం తెగడమా, నైట్రోజన్‌కు, నైట్రోజన్‌కు మధ్య ఉన్న బంధం తెగడమా అన్నది కేవలం శక్తి లెక్కతో తేలే విషయం కాదు. కాంతి రసాయన శాస్త్రానికి ఒక్కటే ఉదాహరణ చెప్పాలంటే నేను ఈ మూడు లోహాలనే చెబుతాను. సిల్లబస్‌లో కోబాల్ట్ అమీన్‌ల రంగులు, సాదృశ్యాల పేర్లు పేజీలకు పేజీలున్నాయి. వాటిలో ఒక పేరా తగ్గించి ఈ మూడు బొమ్మలు పక్కపక్కన పెట్టినా పిల్లల ఆలోచన ఎంతో ముందుకు వెళుతుంది.

ఇక ఇనుము. రెండో దారిలో నడిచినప్పుడు, అంటే నైట్రోజన్ వాయువుగా పోయి ఒక నైట్రోజన్ లోహం దగ్గర మిగిలిపోయినప్పుడు, ఆ మిగిలిన నైట్రోజన్ లోహంతో గట్టి బహుబంధం కట్టుకుంటే దాన్ని నైట్రైడో సంశ్లిష్టం అంటారు. లెక్క ప్రకారం లోహం ఆక్సీకరణ స్థితి ఒక్క దెబ్బకు రెండు పెరుగుతుంది. ఇనుము ప్లస్ మూడు నుంచి ప్లస్ ఐదుకు ఎగబాకాలి. మామూలుగా మనం చూసే ఇనుమంతా ప్లస్ రెండు, ప్లస్ మూడు. తుప్పులో ప్లస్ మూడు, అన్నభేదిలో ప్లస్ రెండు. ప్లస్ ఐదు ఇనుము ఉందని నమ్మించాలంటే గట్టి రుజువు కావాలి.

ఆ రుజువు ఎలా తెస్తారో దగ్గర నుంచి చూడదగ్గది. అజైడ్‌కు పరారుణ వర్ణపటంలో సెంటీమీటరుకు 2000 నుంచి 2100 మధ్య చాలా బలమైన శిఖరం ఉంటుంది. ఆ ప్రాంతంలో మిగతా సమూహాలు పెద్దగా కనిపించవు కాబట్టి చదునైన నేల మీద గోపురంలా ఒంటరిగా నిలబడుతుంది. నమూనా మీద వెలుగు వేసి, ఆపి, మళ్లీ వర్ణపటం తీస్తూ పోతే ఆ శిఖరం కుంగుతూ పోవడం తెలుస్తుంది. అజైడ్ తగ్గుతోందని దానర్థం. కానీ ఏ దారిలో తగ్గుతోంది? దానికి కింద 800, 900 ప్రాంతంలో వెతకాలి. మార్క్వెట్ యూనివర్సిటీలో కజువో నకామోటో, ఆయన విద్యార్థి 1988లో పార్ఫిరిన్ అనే వలయాకార లైగాండ్ ఉన్న ఇనుప అజైడ్‌ను 30 కెల్విన్ దగ్గర పలుచని పొరగా గడ్డకట్టించి లేజర్ వేస్తే, చెదిరిన కాంతితో బంధాల కంపనాలను చూపే రామన్ వర్ణపటంలో 876 దగ్గర కొత్త గీత లేచింది. అది ఇనుము, నైట్రోజన్ బంధం కంపనమే అయితే మామూలు నైట్రోజన్ బదులు బరువైన నైట్రోజన్-15 పెట్టినప్పుడు గీత కిందికి జరగాలి. రెండు పరమాణువుల స్ప్రింగుగా లెక్క వేస్తే సుమారు 24 జరగాలి. ఇలా ఐసోటోపులు మార్చి చూసే వాళ్లు దాన్ని నైట్రైడోగా నిర్ధారించారు.

ఇందులో ఇంకో అందమైన కిటుకు ఉంది. ఒక కొసన మాత్రమే నైట్రోజన్-15 ఉన్న అజైడ్ దొరుకుతుంది. అది లోహానికి ఏ కొసతోనైనా అంటుకోవచ్చు, రెండింటికీ సమాన అవకాశం. కాబట్టి వెలుగు పడ్డాక సగం అణువుల్లో బరువైన నైట్రోజన్ లోహం దగ్గర ఉండిపోవాలి, సగంలో వాయువుగా ఎగిరిపోవాలి. వర్ణపటంలో ఒక గీత బదులు ఇంచుమించు సమానమైన రెండు గీతలు కనిపించాలి. అలా కనిపిస్తే, లోహం మీద మిగిలింది ఒకే ఒక్క నైట్రోజన్ అనీ, అది అజైడ్ కొస నుంచే వచ్చిందనీ ఒక్క బొమ్మలో తేలిపోతుంది. పిల్లలకు ఇది చెప్పినప్పుడు ముందు అర్థం కాక, తర్వాత అర్థమై కళ్లు పెద్దవి చేసుకునేవాళ్లు క్లాసుకు ఒకరిద్దరైనా ఉంటారు. వాళ్ల కోసమే ఈ పాఠం చెప్పాలనిపిస్తుంది.

జర్మనీలోని ముల్‌హైమ్‌లో కార్ల్ వీగార్ట్ బృందం ఈ పనిని ఇంకా ముందుకు తీసుకెళ్లింది. 1999, 2000లలో సైక్లమ్ అనే వలయాకార లైగాండ్ ఉన్న ఇనుప అజైడ్‌ల నుంచి ప్లస్ ఐదు ఇనుమును చూపించింది. 2006లో ముందుగా ఇనుమును ప్లస్ నాలుగు స్థితికి ఆక్సీకరించి, ఆ అజైడ్‌ను 77 కెల్విన్ దగ్గర గడ్డకట్టించి వెలుగు వేసింది. వచ్చింది ప్లస్ ఆరు ఇనుము. అంతకు ముందు ఆ స్థితిలో ఇనుము అంటే ఆక్సిజన్‌లతో చేసిన ఫెర్రేట్ అయాన్ మాత్రమే తెలుసు. ఇక్కడ ఇనుము, నైట్రోజన్ మధ్య దూరం 1.57 అంగ్‌స్ట్రామ్‌లే, అంత పొట్టి బంధం కచ్చితంగా బహుబంధమే.

ఎందుకు గడ్డకట్టించాలి? వెలుగుకు చలితో ఏం పని? ఇక్కడే నా వాదనకు ఇంకో ఆధారం దొరుకుతుంది. గది ఉష్ణోగ్రత దగ్గర ద్రావణంలో అజైడ్ రాడికల్ ఊడిపోతే తేలిగ్గా దూరం జరిగిపోతుంది, మళ్లీ దొరకదు. గడ్డకట్టిన గాజులాంటి ద్రావణిలో అది ఎక్కడికీ పోలేదు, తిరిగి వచ్చి లోహానికి అంటుకుంటుంది. చిన్నదైన నైట్రోజన్ అణువుగా విడివడి, ఇక తిరిగి రాని దారే అప్పుడు పోగుపడుతూ ఉంటుంది. తయారైన నైట్రైడో అణువులు కూడా ఒకదాన్నొకటి చేరలేవు. చేరితే రెండింటి నైట్రోజన్‌లూ జతకట్టి వాయువైపోయే ప్రమాదం ఉంది. ద్రవ నైట్రోజన్‌లో, మైనస్ 196 డిగ్రీల సెల్సియస్ దగ్గర, వేడి అన్నదే దాదాపు లేని చోట, ఇనుము తన అత్యున్నత ఆక్సీకరణ స్థితుల్లో ఒకదానికి ఎక్కింది. కాంతిని ఒక రకం వేడి అనుకునేవాళ్లు దీన్ని ఎలా వివరిస్తారు?

దీనికి ఎదురు వాదన లేకపోలేదు, అది బలమైనదే. కొన్ని లోహాల విషయంలో అజైడ్‌ను వేడి చేసినా నైట్రైడోలు వచ్చే సందర్భాలున్నాయి. పైగా బాన్ యూనివర్సిటీలో పీటర్ ఫోరింగర్ బృందం పికోసెకన్ల (సెకనులో లక్ష కోట్లో వంతు) పరారుణ కొలతలతో ఇనుప అజైడ్‌లను వెంబడించింది. వెలుగు మింగిన అణువుల్లో చాలా భాగం ఏ బంధమూ తెగకుండానే ఆ శక్తిని కంపనాలుగా మార్చుకుని, చల్లబడి, మళ్లీ మామూలు స్థితికి వచ్చేస్తాయి. అంటే కాంతిలో పెద్ద వాటా చివరికి వేడే అవుతోంది కదా అని అడగవచ్చు. ఒప్పుకుంటాను. కానీ చర్య జరిగిన కొద్ది భాగం ఏ దారిలో పోయిందన్నది ఆ వేడి నిర్ణయించలేదు. అది ఎలక్ట్రాన్ ఎక్కిన మెట్టు నిర్ణయించింది, లోహం నిర్ణయించింది, చుట్టూ ఉన్న గోడలు నిర్ణయించాయి.

ఇదంతా ప్రయోగశాలలో వాళ్ల ముచ్చట అనుకునేవాళ్ల కోసం ప్లాటినం సంగతి చెప్పాలి. సిస్‌ప్లాటిన్ పేరు క్యాన్సర్ వార్డులో తిరిగిన ప్రతి కుటుంబానికీ తెలుసు. 1965లో బార్నెట్ రోజెన్‌బర్గ్ బాక్టీరియా మీద చేసిన ప్రయోగంలో ప్లాటినం ప్రభావం బయటపడింది, 1978లో అమెరికాలో మందుగా అనుమతి వచ్చింది. నోటి, గొంతు క్యాన్సర్లకు రేడియేషన్‌తో కలిపి ఇప్పటికీ ఇస్తున్నారు. పని చేస్తుంది, కానీ ఎక్కడ పని చేయాలో దానికి తెలియదు. కిడ్నీలు దెబ్బతింటాయి, వినికిడి తగ్గుతుంది, ఆగని వాంతులు. ఆ వాంతుల రోజులు దగ్గరుండి చూసిన వాళ్లకు మందు అవసరమైన చోటే పనిచేస్తే ఎంత బాగుండునో వేరే చెప్పక్కర్లేదు.

ఎడిన్‌బరోలో, తర్వాత వారిక్‌లో పీటర్ శాడ్లర్ బృందం చేసింది సరిగ్గా ఆ ప్రయత్నమే. ప్లాటినంను ప్లస్ నాలుగు స్థితిలో ఉంచి, రెండు అజైడ్‌లు, రెండు హైడ్రాక్సైడ్‌లు, మిగతా రెండు చోట్ల అమ్మోనియా గానీ పిరిడిన్ గానీ తగిలించారు. ప్లస్ నాలుగు ప్లాటినం మందకొడి, లైగాండ్‌లను సులభంగా వదలదు. చీకట్లో, కణాల్లో ఉండి ఎలక్ట్రాన్‌లనిచ్చే గ్లుటాథయోన్ అనే చిన్న అణువుతో కూడా చాలా నెమ్మదిగానే చర్య జరుపుతుంది. వెలుగు పడగానే అజైడ్‌లోని ఎలక్ట్రాన్ ప్లాటినం వైపు కదులుతుంది, అజైడ్ రాడికల్‌లు వెళ్లిపోతాయి, ప్లాటినం ప్లస్ రెండుకు దిగుతుంది. ఆ ప్లస్ రెండు ప్లాటినంకు డీఎన్‌ఏలోని గ్వానిన్‌తో బంధం కట్టుకునే స్వభావం ఉంది. కోబాల్ట్ నడిచిన దారే ఇది. 2003లో మొదటి ఫలితాలు, 2007లో పిరిడిన్ ఉన్న మరింత చురుకైన రూపం, 2010లో రెండు పిరిడిన్‌లతో నీలి కాంతికి కూడా స్పందించే రూపం వచ్చాయి. అజైడ్ రాడికల్ నిజంగానే పుడుతోందని, దాని వల్లే కణాలకు కొంత హాని జరుగుతోందని తర్వాత తేల్చారు. ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లాన్ని కలిపితే అది రాడికల్‌లను మింగేసి కణాలను కాపాడింది.

ఇందులో నాకు అన్నిటికంటే ముఖ్యంగా అనిపించేది ఆక్సిజన్ అక్కర్లేకపోవడం. వెలుగుతో క్యాన్సర్‌కు చేసే చికిత్స కొత్తది కాదు, అందులో వాడే ఫొటోఫ్రిన్ అనే మందుకు 1993లోనే కెనడాలో అనుమతి వచ్చింది. కానీ ఆ పద్ధతి ప్రధానంగా కణంలోని ఆక్సిజన్‌ను చురుకైన రూపంలోకి మార్చి పనిచేస్తుంది. గడ్డ లోపల రక్తనాళాలు సరిగా ఉండవు, ఆక్సిజన్ తక్కువ. మందుకు కావలసిన సరుకే అక్కడ కొరత. ప్లాటినం అజైడ్ తన సరుకు తానే తెచ్చుకుంటుంది.

అజైడ్ విషం కదా, శరీరంలో ఎలా పెడతారు అని ఎవరైనా అడుగుతారు. వెలుగు పడని చోట అజైడ్ అయాన్‌గా ఊడిపోతే నిజంగా ప్రమాదమే, అందుకే చీకట్లో స్థిరంగా ఉండటం మీద అంత శ్రద్ధ. అది నిలిచినంత కాలం వదులుగా తిరిగే అజైడ్ ఉండదు. అసలు అడ్డంకి వేరే చోట ఉంది. ఈ సంశ్లిష్టాలు కాంతిని బలంగా పీల్చేది 300 నానోమీటర్ల దగ్గర. నీలి రంగు వరకు తోకలా కొంచెం సాగుతుంది. నీలి కాంతిని రక్తంలోని హీమోగ్లోబిన్ తాగేస్తుంది, కణజాలంలో ఒకటి రెండు మిల్లీమీటర్లు దాటి వెళ్లదు. ఎర్ర కాంతి లోతుగా వెళుతుంది గానీ దాని ఫోటాన్‌కు ఈ ఎలక్ట్రాన్‌ను లేపే సత్తా లేదు. ఒకేసారి రెండు ఫోటాన్‌లను మింగించడం, పరారుణాన్ని నీలి కాంతిగా మార్చే నానో కణాలను తోడు పెట్టడం లాంటి దారుల్లో పని సాగుతోంది. ఇవేవీ ఇంకా మందుల దుకాణానికి చేరలేదు. ఇప్పుడు చికిత్సలో ఉన్నవాళ్లు డాక్టరు చెప్పినదే వాడాలి.

లోతు దాటలేకపోతే, లోతు అక్కర్లేని చోట నుంచి మొదలుపెట్టవచ్చు కదా అన్నది నా వాదన. మూత్రాశయం లోపలి గోడ, అన్నవాహిక, చర్మం, నోరు. శ్రీకాకుళం, విశాఖ తీర గ్రామాల్లో చుట్ట నిప్పు ఉన్న కొసను నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే ఆడవాళ్లు ఉన్నారు. ఆ నిప్పు వేడికి, పొగకు అంగిలి మీద తెల్లటి మచ్చలు, పుండ్లు, కొందరిలో క్యాన్సర్ రావడం గురించి విశాఖపట్నం వైద్యులు 1950ల నుంచి రాస్తూ వచ్చారు. మిగతా చోట్ల అరుదుగా వచ్చే అంగిలి క్యాన్సర్ అక్కడ ఎక్కువ. అంగిలి అంటే నోరు తెరిస్తే కనిపించే చోటు. సన్నని ఆప్టికల్ ఫైబర్‌తో, కావలసిన తరంగదైర్ఘ్యంతో, కావలసిన మచ్చ మీద మాత్రమే వెలుగు వేయగల చోటు. మచ్చ ఇంకా పలుచగా, ఒక మిల్లీమీటరు లోపే ఉన్న దశలో నీలి కాంతి సరిపోదని ముందే ఎందుకు అనుకోవాలి? ఐరోపాలో ఈ సంశ్లిష్టాలను అండాశయ క్యాన్సర్ కణాల మీద, చర్మ కణాల మీద పరీక్షించారు. మన దగ్గర ఉన్న జబ్బు మీద పరీక్షించాల్సింది మనం. అకర్బన రసాయన శాస్త్రంలో పీహెచ్‌డీ చేస్తున్న పిల్లలు మన యూనివర్సిటీల్లో లోహ సంశ్లిష్టాలను తయారు చేసి, బాక్టీరియా మీద, డీఎన్‌ఏ మీద చీకట్లోనే పరీక్షించి థీసిస్ ముగిస్తున్నారు. అదే ల్యాబులో ఒక నీలి ఎల్‌ఈడీ, ఒక పవర్ మీటరు, ఒక నల్ల గుడ్డ ఉంటే రెండో ప్రశ్న కూడా అడగవచ్చు: వెలుగులో ఏం చేస్తుంది? ప్లాటినం ఖరీదైతే ముందు కోబాల్ట్‌తో మొదలుపెట్టండి. అనుభవమున్న గైడు పక్కన, కొద్ది మిల్లీగ్రాముల్లో, నీళ్లలో కరిగే సంశ్లిష్టాలతో మాత్రమే చేయండి. పొడి అజైడ్ లవణాల జోలికి పోవద్దు. పరారుణ వర్ణపటంలో 2050 దగ్గరుండే అజైడ్ శిఖరం కుంగుతుందో లేదో, కుంగితే ఎంత వేగంగా కుంగుతుందో, ఏ రంగు వెలుగుకు ఆగిపోతుందో రాసుకుంటూ పోండి.